తీతువు గూడు విడిచి దున్నే ఏసమ్మ

ఎండాకాలంలో సోమశిల దిక్కు పిట్టలు చూడాలని వచ్చేవాళ్లకు రేవు దగ్గర ఎవరైనా మొదట చెప్పే మాట ఒకటే: "ఏసమ్మనడుగుండ్రి." అడిగితే ఏసమ్మ కాదనదు, అన్నీ చెబుతుంది. కానీ ఆమె చెప్పే తీరు పిట్టల మీద మనసున్న మనిషి తీరులా ఉండదు. ఊళ్లో కరిచే కుక్కలు ఏ సందులో ఉన్నాయో కొత్తవాళ్లకు చెప్పి జాగ్రత్తపడమనే మనిషి తీరులా ఉంటుంది.

"గా మిట్ట దాటినంక ఎర్ర రాళ్లుంటయి సారు, ఆడ తీతువులున్నయి, అటు పోకుండ్రి. నీళ్ల కొసకు పోతే తెల్లయి కనవడ్తయి, తోక రెండుగ చీలి ఉంటది, ముక్కు పసుపు. అవి మంచియే. శానా దగ్గరికి పోతే నెత్తిన పొడుస్తయి, గంతే."

నెత్తిన పొడిచే పిట్ట మంచిది, దూరంగా నిలబడి అరిచే పిట్ట చెడ్డది. ఏసమ్మ లెక్క అది.

ఎండలు ముదిరేకొద్దీ ఇక్కడ కృష్ణ వెనక్కి జరుగుతుంది. డ్యాం వెనక సముద్రంలా నిలిచిన నీళ్లు తగ్గి, మైళ్లకొద్దీ ఒండ్రు నేల బయటపడుతుంది. ఎవరి పేరునా లేని ఆ నేల మీద చుట్టుపక్కల కూలి కుటుంబాలు గుడిసెలు వేసుకుని పుచ్చ, దోస, పెసర పెట్టుకుంటాయి. వానలకు నీళ్లు మళ్లీ ఎక్కేలోపల పంట తీసుకుని, గుడిసెలు పీక్కుని పైకి పోవాలి. ఏసమ్మా, ఆమె భర్త పెంటయ్యా పెళ్లయినప్పటి నుంచి ఇదే కాపురం. ఏడాదిలో సగం ఊళ్లో, సగం నది కడుపులో.

అదే నేలను పిట్టలు కూడా నమ్ముకున్నాయి. చెట్టూ చేమా అక్కర్లేని పిట్టలు అవి. బోసి నేల మీద అరచేయంత గుంట చేసుకుని, చుట్టూ నాలుగు రాళ్లు పేర్చుకుని గుడ్లు పెడతాయి. నీళ్ల అంచున చీలిక తోకల తెల్లపిట్టలు, ఇసుక దిబ్బల మీద మట్టిరంగు చిన్నపిట్టలు, మిట్టల మీద తీతువులు. మనిషి దున్నాల్సిన చోటే అవీ పిల్లల్ని చెయ్యాలి. అందుకని అక్కడ ఒక పద్ధతి పుట్టింది. నాగలి నడిచేటప్పుడు ఇంటి ఆడమనిషి ఎడ్ల ముందు నడుస్తుంది, కళ్లు నేల మీద పెట్టుకుని. తీతువు గుడ్లు కనిపెట్టడం అంత సులువు కాదు, మట్టిపెళ్లల మధ్య మట్టిపెళ్లల్లాగే ఉంటాయి. అవి కనబడగానే ఏసమ్మ చెయ్యెత్తుతుంది. పెంటయ్య ఎడ్లను పక్కకు తిప్పుతాడు. ఏసమ్మ గూడు చుట్టూ తుమ్మకంప పరిచి వస్తుంది. పంట ఎదిగాక గట్టు మీద నిలబడి చూస్తే పచ్చటి చేలల్లో బట్టతల మచ్చల్లాగా ఆ దున్నని గుండ్రాలు కనబడతాయి. అందరి చేలల్లోనూ ఉంటాయి గానీ, ఏసమ్మ చేలో మరీ పెద్దవి.

వనపర్తి కాలేజీలో పాఠాలు చెప్పే సుహాసిని మేడం ఆ గుండ్రాలను చూసి కరిగిపోయింది. వేసవి సెలవులొస్తే పాత జీపేసుకుని, మెడలో దుర్భిణి తగిలించుకుని తిరగడం ఆమె అలవాటు. కూలి చేసుకునే మనిషికి మూగజీవాల మీద ఇంత దయా అని ముక్కు మీద వేలేసుకుంది. ఫోటోలు తీసి తన స్నేహితులందరికీ పంపింది. వాళ్లంతా ఏసమ్మకు 'పిట్టల తల్లి' అని పేరు పెట్టేశారు. ఏసమ్మ తల వంచుకుని కొంగు సర్దుకుంది. అది సిగ్గు అనుకున్నారు పాపం, చదువుకున్నవాళ్లు.

అందులో దయ లేదు, ప్రేమ అంతకంటే లేదు. ఉన్నదంతా భయం, ఒట్టి భయం. తీతువు గుడ్డు చితికితే ఆ పిట్ట పగబట్టి గుడిసె మీదికొచ్చి అరుస్తుందనీ, అది అరిచిన ఇంట్లో ఒక ప్రాణం లేచిపోతుందనీ ఏసమ్మ నమ్మకం. నమ్మకమని తేలిగ్గా అనేస్తున్నాం గానీ, ఆమెకది కళ్లతో చూసిన సంగతి.

ఏసమ్మ పుట్టింది లింగాల దిక్కు. పుట్టడం వరకే అక్కడ, పెరిగిందంతా దేశం మీదే. ఆ రోజుల్లో పాలమూరు కూలీలు లేకుండా ఒక కట్టా లేవలేదు, ఒక కాలువా సాగలేదు. తట్టలు మోసే తల్లిదండ్రుల వెంట ఆమె బాల్యం గోనెపట్టా గుడారాల్లో గడిచింది. ఒక ఎండాకాలం, ఎక్కడో పేరు కూడా గుర్తులేని కాలువ గట్టు మీద తల్లికి నొప్పులు మొదలయ్యాయి. పొద్దుగూకే వేళ తీతువొకటి గుడారాల మీద చుట్టూ తిరుగుతూ అరిచింది. పని ఆపి ఆడవాళ్లంతా ఆకాశంలోకి చూశారు. "ఎవరి మీదికో వచ్చింది" అని ఒక ముసలామె అంది. తెల్లారేసరికి తల్లి లేదు, కడుపులో బిడ్డా లేదు. ఆమె పోయింది పిట్ట అరిచినందుకు కాదు, కనుచూపు మేరలో దవాఖాన లేనందుకు. కానీ పదేళ్ల పిల్లకు అరిచిన పిట్ట కనబడింది, లేని దవాఖాన ఎట్లా కనబడుతుంది?

అప్పటి నుంచి ఆ కూత వింటే ఏసమ్మ చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. శకునాలు పట్టుకుని ఊగొద్దనీ, పిట్టలన్నీ ప్రభువు చేసినవేననీ పాస్టరు గారు ఆదివారం ప్రార్థనలో చెబితే అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది ఆమే. అన్ని పిట్టలూ ప్రభువు చేసినవే, ఒప్పుకుంటుంది. ఈ ఒక్కదాని సంగతి మాత్రం ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదేమోనని ఆమె అనుమానం.

మిగతా పిట్టలతో ఆమెకు ఏ పేచీ లేదు. మేడం అడిగితే ముచ్చటగా చెబుతుంది. కొల్లాపూర్ మామిడితోటల్లో కాయకోతకు పోయినప్పుడు పసుపుపచ్చటి వంగపండు పిట్టను చూసి పండిన కాయ అనుకుని చెయ్యి చాపిందట, చేతిలోకి రావాల్సిన కాయ కాస్తా తుర్రుమందట. లింగాల అడవి అంచున తొలకరి ముందర, వాగు పక్క వెదురు పొదల కింద ఒంటి నిండా రంగులున్న పొన్నంగి పిట్ట గెంతుతుందనీ, పొద్దున్నే పోయి చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలనీ చెప్పింది. గద్వాల దిక్కు నీళ్లు మిగిలిన చెరువుల్లో పెద్ద కొంగలు చేరతాయని చెప్పింది. మేడం అవన్నీ తిరిగి చూసి వచ్చింది. తీతువుల దగ్గరికి మాత్రం ఏసమ్మ తోడు రాలేదు. చెయ్యి చూపించి ఆగిపోయేది.

ఈ ఏడాది వేసవిలో ఆమె భయానికి ఇంకో భయం తోడైంది. ఒక్కగానొక్క బిడ్డ పావని తొలి కాన్పుకు తల్లి దగ్గరికొచ్చింది. అల్లుడు అరుణ్ పూణే దిక్కు బిల్డింగు పనిలో ఉన్నాడు. ఊళ్లో ఇల్లుంది గానీ పంట కోతకొచ్చింది, తల్లీ తండ్రీ ఇద్దరూ నదిలో ఉంటే నిండు చూలాలు ఊళ్లో ఒక్కతే ఎట్లా ఉంటుంది? దవాఖానలో ఇంకా టైముందన్నారు కదా అని గుడిసెలోనే ఉంచుకున్నారు. పావని ఇంటరు దాకా చదివింది, తల్లి పిరికితనాన్ని చూసి నవ్వుతుంది. ఏసమ్మ నవ్వలేదు. తన తల్లిని మింగిన గండం తనను దాటేసి కూతురి కోసం కాచుక్కూర్చుందని ఆమె లోలోపల వణికిపోతూనే ఉంది. ఎర్ర రాళ్ల దగ్గరి తీతువు గుడ్ల చుట్టూ ఈసారి రెండు వరుసల కంప వేసింది. ఆ గుడ్లు పిల్లలయ్యాయి. పిల్లలయ్యాక అవి కంపలో ఉంటాయా, చేలన్నీ వాటివే.

ఒకరోజు మధ్యాహ్నం సుహాసిని మేడం వచ్చింది. నీళ్ల కొసన తెల్లపిట్టల పిల్లల్ని చూసుకుని, పడమట మొగులు నల్లబడుతుంటే తిరిగిపోదామని గుడిసె దగ్గర ఆగింది. ఆమెకు నీళ్లివ్వడానికి లేచిన పావని గుంజ పట్టుకుని వంగిపోయింది.

"అమ్మా!"

చెంబు కింద పడింది. ఏసమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. పెంటయ్య చేలో నుంచి పరిగెత్తుకొచ్చి ఫోను చేశాడు. అంబులెన్సు గట్టు మీది రోడ్డు దాకా వస్తుందట, కింద ఒండ్రులోకి దిగదట. గట్టు చేరాలంటే చేలు దాటి, మిట్ట దాటి పోవాలి.

"నా జీపుంది కదా, ఎక్కండి" అంది మేడం. "గట్టు దాకా దించుతా. రాండి, రాండి."

పావనిని వెనక సీట్లో పడుకోబెట్టారు. తల ఏసమ్మ ఒళ్లో ఉంది. పెంటయ్య ముందు కూర్చున్నాడు. పక్క గుడిసె చిన్నయ్య తలుపు తోసి వేశాడు. జీపు కదిలి ట్రాక్టరు బాట పట్టి, మిట్ట ఎక్కి, ఎర్ర రాళ్లు కనబడే దూరానికి వచ్చింది. అప్పుడు లేచింది తీతువు. జీపు ముందుకొచ్చి, నెత్తి మీద గిరికీలు కొడుతూ, గొంతు చించుకుని అరిచింది.

"ఆపుండ్రి మేడం! జర ఆపుండ్రి!"

మేడం బ్రేకు తొక్కింది. "ఏమైంది ఏసమ్మా?"

"తీతువు అరిచింది. గిప్పుడు ముంగటికి పోవద్దు. దిగి నీళ్లు తాగి, జరసేపు కూసోని పోదాం."

"అది రోజూ అరుస్తది కదా. బండిని చూసి అరుస్తుంది."

"రోజు అరుస్తది మేడం. రోజు కాన్పులు గావు గద."

పెంటయ్య వెనక్కి తిరిగాడు. "ఏమే, పోనియ్యరాదు" అన్నాడు గానీ ఆ మాటలో బలం లేదు. అతనికీ లోపల దడగానే ఉంది. పావని తల్లి చెయ్యి పట్టుకుని నలిపేసింది. "అమ్మా, నాకు గిట్ల పానం పోతుంటే నువ్వు కూసోని నీళ్లు తాగుతవా?"

ప్రాణం అన్న మాట ఆ నోట రాకుండా ఉండాల్సింది. ఏసమ్మ జీపు దిగేసింది. సీసాలో నీళ్లు తాను తాగి, పెంటయ్యకు తాగించి, కూతురి పెదాలు తడిపింది. బాట పక్కన చతికిలబడి కళ్లు మూసుకుంది. శకునం తప్పించడానికి అదే పద్ధతి, ఆమె తండ్రి చేసేవాడు, అతని తండ్రీ చేసేవాడు. మేడం బతిమాలింది. ఆకాశం ఉరిమింది. పిట్ట మాత్రం ఆపలేదు. మనుషులు కూర్చున్న కొద్దీ మరింత అరిచింది, మరింత కిందికి దిగి అరిచింది. ఆగితే పోయే శకునం కాదనుకుంది ఏసమ్మ.

"ఈ తొవ్వ వద్దు మేడం" అంది లేచి. "ఎర్ర రాళ్ల దిక్కు అసలే వద్దు. నీళ్ల పక్కకెళ్లి తిరిగి పోదాం. నాకు తొవ్వ తెలుసు."

తెలుసన్న మాట నిజమే. అందరికంటే ఆమెకే బాగా తెలుసు. నీళ్లు కొత్తగా జరిగిన ఆ పల్లంలో పైన పెచ్చు ఎండి నెర్రెలిచ్చి ఉంటుందనీ, కింద మోకాలి లోతు బురద ఉంటుందనీ, గొర్రెలు కూడా అటు దిగవనీ ఆమెకు తెలుసు. కానీ ఆ నెత్తి మీది కూత ముందు బురద భయం ఎంతపాటిది? మేడానికి ఆ నేల తెలియదు, ఆమెను నమ్మింది. పెంటయ్య "అటు దిగబడ్తదేమో" అని గొణిగి, మళ్లీ ఎగిరిన పిట్టను చూసి ఊరుకున్నాడు.

జీపు పల్లంలోకి దిగింది. కొంత దూరం బాగానే పోయింది. తర్వాత ముందు చక్రాలు మెత్తగా, చప్పుడు లేకుండా కూరుకుపోయాయి. మేడం ఎక్సిలేటరు తొక్కితే వెనక చక్రాలు బురదను చిమ్మి, అవీ కూరుకుపోయాయి. పెంటయ్య దిగి తోశాడు. నడుము దాకా బురదయ్యాడు తప్ప బండి కదల్లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ కాలు కడుక్కోవడానికి కూడా వేళ లేదు. గాలి లేచింది. తొలి చినుకులు జీపు రేకు మీద రాళ్లలా పడ్డాయి.

పావని కింద చీర ముదురు రంగుకు తిరగడం ఏసమ్మ చూసింది. చేత్తో తడిమి వెలుతురుకు పట్టుకుంది. ఉమ్మనీరు కాదు.

"మేడం" అంది. "మేడం, రక్తం."

పావని కళ్లు తెరిచి తల్లి ముఖంలోకి చూసింది. అరవలేదు, కోపం కూడా చెయ్యలేదు. అలసిపోయిన గొంతుతో ఉన్న మాట చెప్పింది.

"పిట్ట కాదమ్మా. నువ్వు సంపుతున్నవ్ నన్ను."

ఏసమ్మకు అప్పటిదాకా తెలిసిన భయమంతా ఒక ఎత్తు, ఆ మాటతో వచ్చిన భయం ఒక ఎత్తు. పిట్టకు భయపడితే పారిపోవచ్చు, కంప వెయ్యొచ్చు, నీళ్లు తాగి కూర్చోవచ్చు. తనకు తాను భయపడితే ఎక్కడికి పోవాలి? జీపు దిగి, బురదలో పడుతూ లేస్తూ గుడిసెల దిక్కు తిరిగి కేకలు పెట్టింది.

"చిన్నయ్యా! మంచం తే! మంచం తెయ్యి మరిదీ!"

చిన్నయ్యా, అతని భార్యా నులక మంచం మోసుకుని పరిగెత్తుకొచ్చారు. పావనిని దాని మీదికి మార్చి, మీద జీపు టార్పాలిన్ కప్పారు. ముందు పెంటయ్య, చిన్నయ్య, వెనక చిన్నయ్య భార్య, సుహాసిని మేడం. నాలుగు కాళ్లూ నలుగురు పట్టారు. ఇక చుట్టు తిరిగే మాట లేదు. గట్టుకు దగ్గరి దారి ఒక్కటే, ఎర్ర రాళ్ల మీదుగా. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు గానీ మొగులు దాన్ని మింగేసింది. ఏసమ్మ మేడం ఫోను లైటు పట్టుకుని ముందు నడిచింది. ఏ రాయి ఎక్కడుందో, ఏ గుంట ఎక్కడుందో ఆమెకే తెలుసు కాబట్టి ఆమే నడవాలి.

నడుస్తూ ప్రార్థించింది. పాస్టరు నేర్పిన ప్రార్థన ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చిందొక్కటే. "ప్రభువా, ఒక పానమే గావాల్నంటే నాది తీస్కో. దాన్ని ఇడిసిపెట్టు. నన్ను తీస్కో, దాన్ని ఇడిసిపెట్టు."

ఎర్ర రాళ్ల దగ్గరికి రాగానే తీతువు లేచింది. ఈసారి పైకి ఎగరలేదు. వానలో తడుస్తూ వచ్చి బాట మధ్యలో, లైటు వెలుతురులో నిలబడింది. రెక్కలు రెండూ చాపి, నల్లటి రొమ్ము ముందుకు పెట్టి, ఆమె ముఖం మీదే అరిచింది. ఇంత దగ్గర నుంచి ఏసమ్మ దాన్ని జన్మలో చూడలేదు.

వెనక మంచం ఆగిపోయింది. "వదినా" అన్నాడు చిన్నయ్య. "ఎదురుంగ నిలవడ్డది. జర దించుదామా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏసమ్మకు తిరిగి చూసే ధైర్యం లేదు, తిరిగితే కూతురి ముఖం కనబడుతుంది. ఒక అడుగు ముందుకేసింది.

పిట్ట పారిపోలేదు. ఒక రెక్క విరిగినట్టు నేల మీద వాల్చేసింది. దాన్ని బురదలో ఈడ్చుకుంటూ, పడిపోతూ, ఆమె కాళ్లకు అందేంత దగ్గరికి వచ్చి పక్కకు జరిగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పక్కకు జరిగింది. ఇదిగో, దెబ్బ తిన్నదాన్ని నేను, నన్ను పట్టుకో అన్నట్టుగా. ఏసమ్మ అది ఈడ్చుకుపోతున్న దిక్కు కాకుండా, అది వచ్చిన దిక్కు లైటు తిప్పింది. ట్రాక్టరు చక్రం జాడలో, వాన నీళ్లు చేరుతున్న చోట, మూడు పిల్లలు నేలకు కరుచుకుని పడుకున్నాయి. గులకరాళ్లనే అనుకునేది, వాటి వీపులు ఎగసిపడకపోతే. ఇంకో అడుగు వేస్తే ఆమె కాలు వాటి మీదే.

నన్ను తీస్కో, దాన్ని ఇడిసిపెట్టు. ఇంతసేపూ తాను అడుగుతున్నదే ఈ పిట్టా అడుగుతోంది. తను దేవుణ్ణి అడుగుతోంది. అది తనను అడుగుతోంది.

ఇన్నేళ్లూ అది ఎవరి చావో చెప్పడానికి వస్తోందనుకుంది. అది మనిషిని చూసి భయపడి అరుస్తోంది, అంతే. తల్లి చచ్చిపోయిన ఆ సాయంత్రం కూడా గుడారాల మధ్య ఎక్కడో దాని పిల్లలుండి ఉంటాయి. ఏసమ్మకు ఏడుపొచ్చింది, ఏడవడానికి తీరిక లేదు. వంగి పిల్లల్ని ఒక్కొక్కటిగా కొంగులోకి తీసుకుంది. పిట్ట ఎగిరొచ్చి ఆమె నెత్తి మీద కొట్టింది. ఆమె అరవలేదు. రాళ్ల చాటున, నీళ్లెక్కని చోట వాటిని దించింది.

"అయిపోయిందే తల్లీ, అయిపోయింది. పోతున్నం మేము" అంది దానితో. తర్వాత వెనక్కి తిరిగి గట్టిగా చెప్పింది. "దించకు మరిదీ. నడువుండ్రి. ఈడ దాని పిల్లలున్నయి, మనల చూసి దానికే పానం పోతున్నది. నడువుండ్రి!"

నడిచారు. పరిగెత్తారు. గట్టు మీద అంబులెన్సు నీలం లైటు తిరుగుతూ ఉంది.

కొల్లాపూర్‌లో చూసి, రక్తం ఆగడం లేదని నాగర్‌కర్నూల్‌కు పంపారు. దారిలో ఏసమ్మ కూతురి పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, అవి చల్లబడుతున్నాయా అని ఊరికే తడుముతూ. దవాఖాన వరండాలో ఆమె పక్కన కూర్చున్న మేడం ఏదో ధైర్యం చెప్పబోతే ఆపేసింది.

"నాది దయ కాదు మేడం" అంది. "నువ్వు అందరికి చెప్పినవు గద, పిట్టల తల్లి అని. కాదు. నేను పిరికిదాన్ని. దానివల్లనే గిట్లయింది."

మేడం బురద కొట్టుకున్న తన చేతిని తీసి ఏసమ్మ చేతి మీద పెట్టింది.

ఆడపిల్ల పుట్టింది. పిల్లకు ఏమీ కాలేదు. తల్లికి రక్తం ఎక్కించారు. ఇంకొంచెం ఆలస్యమైతే, అని డాక్టరమ్మ మొదలుపెట్టి మాట పూర్తి చెయ్యలేదు. ఆ పూర్తి కాని మాట ఏసమ్మ గుండెల్లో రాయిలా పడిపోయింది. పావనికి స్పృహ వచ్చినా తల్లితో మాట్లాడలేదు. గోడ దిక్కు తిరిగి పడుకుంది. ఏసమ్మ అన్నీ చేసింది, గంజి తాగించింది, బట్టలు మార్చింది, పిల్లను ఎత్తుకుంది. బిడ్డ కళ్లలోకి చూడాలంటేనే భయం వేసి తల వంచుకునే చేసింది.

పావని కాస్త లేచి కూర్చున్న రోజు సాయంత్రం, కిటికీ అవతల గోడ వెనక ఖాళీ జాగాలో తీతువు అరిచింది. తెలిసిన కూతే. ఏ కుక్కో పోతూ ఉంటుంది, దాని పిల్లలు అక్కడుండి ఉంటాయి, ఏసమ్మకు ఇప్పుడు అదంతా తెలుసు. తెలిసి ఏం లాభం? గుండె ఎప్పటిలాగే దడదడమంది. ఒళ్లో పాప చెవులు మూయడానికి ఆమె చేతులు వాటంతటవే లేచాయి.

పావని ఆ చేతుల్ని పట్టుకుంది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి తల్లి ముఖంలోకి చూసింది.

"నువ్వు భయపడ్తే భయపడు అమ్మా. నేనేమనను" అంది. "దీనికి మాత్రం నేర్పకు."

బయట పిట్ట ఇంకా అరుస్తోంది. ఏసమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. అవి వణుకుతూనే ఉన్నాయి, వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పాప కళ్లు తెరిచి, ఆ కూత వస్తున్న దిక్కుకు తల తిప్పి విన్నది.